నల్ల గిటార్ క్లియర్ కోట్ రుద్దుతుంటే నీళ్ళు నల్లగా వచ్చాయి, మొత్తం పీకెయ్యాలా?

ఆరోతీగ:
అందరికీ నమస్తే. గిటార్ బాడీకి నా చేత్తో పెయింట్ వెయ్యడం ఇదే మొదటిసారి. స్ప్రే డబ్బాలే, నైట్రో లక్కర్ (థిన్నర్‌లో కరిగి ఉండే నైట్రోసెల్యులోజ్ పూత). నలుపు నాలుగు కోట్లు, దాని మీద రంగు లేని క్లియర్ ఎనిమిదో తొమ్మిదో, లెక్క తప్పింది. పద్దెనిమిది రోజులు ఆగా, ఇంక నా వల్ల కాలేదు, నిన్న 1000 నంబర్ వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది) తడిపి మొదలెట్టేశా. ముందు వైపు బాగానే వచ్చింది, పాలల్లాంటి తెల్ల నీళ్ళు వస్తున్నాయి, నారింజ తొక్కలా ఉన్న గరుకంతా పోతోంది, అబ్బ ఇంతేనా అనుకున్నా. పైకొమ్ము (బాడీలో మెడ పక్కన కొమ్ములా పొడుచుకొచ్చే భాగం) దగ్గర అంచు వంపు తిరిగే చోట నాలుగు రుద్దులు రుద్దానో లేదో బట్ట మీద నల్ల మరక! తుడిచి చూస్తే బొటనవేలి గోరంత మచ్చ, చుట్టూ బూడిద రంగులో మసకగా ఉంది, అక్కడ మాత్రం వేరే నలుపు. క్లియర్ దాటేసి రంగులోకి దిగిపోయినట్టేనా? మొత్తం పీకేసి మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలా? రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా.

పాతచెక్క:
దాటావు తమ్ముడూ, అందులో అనుమానం లేదు. తెల్ల నీళ్ళు వస్తున్నంతసేపు క్లియర్ అరుగుతున్నట్టు, రంగు నీళ్ళు వచ్చాయంటే క్లియర్ అయిపోయినట్టు. కానీ పీకొద్దు. నువ్వు వేసింది నైట్రో కాబట్టి బతికిపోయావు. నైట్రో లక్కర్ గట్టిపడేది అందులో ఉన్న థిన్నర్ ఆవిరైపోవడం వల్లే, వేరే రసాయన చర్య ఏమీ ఉండదు, అందుకే ఎన్నేళ్ళయినా దాని మీద కొత్త కోటు పడితే పాత పొర కాస్త కరిగి రెండూ ఒకటైపోతాయి. ఆ మచ్చ మీద పలచగా నలుపు, ఆరాక దాని మీద, చుట్టూ ఒక జానెడు మేర క్లియర్ మూడు నాలుగు కోట్లు వేసుకో. తర్వాత రుద్దితే అతుకు ఎక్కడుందో నీకే కనపడదు. ఒక్క మాట, స్ప్రే చేసే ముందు బాడీని పూర్తిగా ఆరనివ్వు, స్క్రూ కన్నాల్లో నీళ్ళు లేకుండా చూసుకో.

అంచు దగ్గరే ఎందుకు పోయిందో కూడా తెలుసుకో, లేకపోతే రెండోసారీ అక్కడే పోతుంది. చదునుగా ఉన్న చోట నువ్వు నొక్కే బరువు పేపర్ కింద పెట్టే బ్లాక్ (చదునైన ముక్క) మొత్తం మీద పంచుకుంటుంది. అంచు మీదికి వచ్చేసరికి అదే బరువు సన్నటి గీత లాంటి చోట పడుతుంది. దానికి తోడు లక్కర్ తడిగా ఉన్నప్పుడు పదునైన అంచు నుంచి పక్కలకి జారిపోతుంది, అంటే అసలు పొరే అక్కడ పలచగా ఉంటుంది. బరువు ఎక్కువ, పొర తక్కువ, ఇంకేం మిగుల్తుంది. నేనైతే అంచులకి 1000 తగలనివ్వను. మాస్కింగ్ టేప్ వేసి చదును భాగమంతా చేసేస్తా, చివర్లో టేప్ తీసేసి అంచులు మాత్రం 2000తో వేళ్ళతోనే రెండు సార్లు అలా నిమిరి వదిలేస్తా. అక్కడ కాస్త తొక్క మిగిలినా పర్లేదు, అంచు మీద ఎవడూ భూతద్దం పెట్టి చూడడు.

రంగులపిచ్చి:
నాది కార్ల పెయింట్ పని, గిటార్లు ఏదో సరదాకి. పాతచెక్క గారు చెప్పింది నైట్రోకి కరెక్టే కానీ ఇది చదివి పాలీయురేథేన్ వేసినోళ్ళు కూడా అలాగే చేస్తే దెబ్బతింటారు అందుకే చెప్తున్నా. హార్డ్‌నర్ (గట్టిపరిచే రసాయనం) కలిపే టూకే, అంటే రెండు భాగాల పాలీయురేథేన్ క్లియర్ ఒకసారి గట్టిపడ్డాక కొత్త కోటు పాతదాంట్లో కరగదు, దాని మీద కూర్చుంటుంది అంతే. ఒక కోటు మొత్తం అరిగి కింది కోటు బయటపడిన చోట మ్యాపుల్లో కొండల చుట్టూ గీతలు ఉంటాయే అలాంటి రింగు కనపడుతుంది, ఎంత పాలిష్ చేసినా పోదు. అప్పుడు మొత్తం గరుకు చేసి ఆ వైపు అంతటికీ ఇంకో పూర్తి కోటు కొట్టాల్సిందే, ముక్క ముక్కగా అతుకు పెడితే దొరికిపోతావ్. ఇంకోటి, టూకే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే ప్రమాదకరమైన రసాయనాలు ఉంటాయి, మామూలు దుమ్ము మాస్క్ దానికి ఎందుకూ పనికిరాదు, ఊపిరితిత్తులు ఒకసారి పాడైతే మళ్ళీ రావు. బయటి గాలి పైపులో వచ్చే మాస్క్ లేకపోతే టూకే జోలికి పోవద్దు. మా షాపులో వేసేది అలాగే.

బేస్‌బాబు:
అసలు 18 రోజులు సరిపోతాయా? నేను అంతకంటే ఆత్రగాణ్ణి కాబట్టి అడుగుతున్నా 😅 నా బేస్ గిటార్ యాష్ చెక్క, గ్రెయిన్ ఫిల్లర్ (చెక్క రంధ్రాలు నింపే ముద్ద) ఏదో అయ్యింది అనిపించా, లక్కర్ వేసి పదో రోజునే పాలిష్ దాకా వెళ్ళిపోయా. అద్దంలా వచ్చింది, మొహం కనపడింది, మా వాళ్ళందరికీ ఫోటోలు పంపా. రెండు నెలలకి చూస్తే చెక్క గీతలన్నీ మళ్ళీ తేలాయి, వెలుగు పక్కనుంచి పడితే దున్నిన పొలంలా ఉంది.

పాతచెక్క:
@బేస్‌బాబు లక్కర్ కుంచించుకుపోయింది. లోపల థిన్నర్ ఇంకా ఉండగానే నువ్వు చదును చేశావు, తర్వాత అది మెల్లగా పోతూ పోతూ పొర కిందికి కూర్చుంది, చెక్క రంధ్రాల మీద ఎక్కువ కూర్చుంది. యాష్ లాంటి పెద్ద రంధ్రాల చెక్కకి ఫిల్లర్ సరిగ్గా నింపకపోతే మరీ ఎక్కువ. నైట్రోకి నా లెక్క కనీసం నాలుగు వారాలు, తేమ చలి ఎక్కువుంటే ఇంకా. రోజులకంటే ముక్కు మంచి కొలత. గిటార్‌కి ముక్కు ఆనించి వాసన చూడు, థిన్నర్ వాసన గట్టిగా వస్తుంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. కన్నాల దగ్గర, పికప్ (తీగల మోత పట్టే అయస్కాంతం) గుంట లోపల వాసన ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది, అది చూసి భయపడక్కర్లేదు. పేపర్ కూడా చెప్పేస్తుంది, గట్టిపడని లక్కర్ పేపర్ మీద చిన్న చిన్న ఉండలుగా అతుక్కుంటుంది, ఆ ఉండలే మళ్ళీ గీతలు పెడతాయి.

ఆరోతీగ:
అమ్మో అవును ఉండలు కట్టింది!! పేపర్ నాసిరకం అనుకుని మూడు మార్చా.

తీగలమోత:
కన్నాల గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నా ఏడుపు వినండి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) పోస్టుల కన్నాలు తెరిచిపెట్టి నీళ్ళతో రుద్దా. గంట తర్వాత చూస్తే కన్నం చుట్టూ పెయింట్ కాస్త లేచింది, మర్నాటికి దాంట్లోంచి సన్నటి పగులు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది, పెయింట్ సాగదు కదా, చీలిపోయింది. ఆ పగులు ఇప్పటికీ ఉంది, బ్రిడ్జ్ వాషర్ కింద సగం దాక్కుంది, మిగతా సగం రోజూ నన్ను చూసి నవ్వుతుంది.

అప్పట్నుంచి రుద్దే ముందే ప్రతి కన్నం లోపల దూదిపుల్లతో లక్కర్ రాసి ఆరనిస్తా, పైన కొవ్వొత్తి మైనం కుక్కుతా. మైనం బయట ఉపరితలానికి అంటకుండా చూసుకోవాలి, తర్వాత ఏదైనా స్ప్రే చెయ్యాల్సి వస్తే దాని మీద పట్టదు. నీళ్ళల్లో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేస్తే పేపర్ జారుతుంది, అంటుకోదు. పేపర్‌ని ముందే పావుగంట నానబెట్టాలి, ఎండు పేపర్‌ని తడి చేసి వెంటనే వాడితే మూలలు గీరుకుంటాయి. కన్నాల దగ్గర మాత్రం నీళ్ళు మానేసి మినరల్ టర్పెంటైన్ వాడతా, అది చెక్కని ఉబ్బించదు, బాగా ఆరిన నైట్రోని కరిగించదు కూడా. గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉంచడం, దగ్గర్లో మంట లేకపోవడం, ఇవి మాత్రం తప్పవు. నైట్రో పొడి కూడా చాలా తేలిగ్గా అంటుకుంటుంది, గుడ్డలు కుప్పగా పడెయ్యొద్దు.

సగంపని:
అందరూ నీళ్ళు నీళ్ళు అంటున్నారు, నేను పొడిగానే చేస్తా, ఎవరేమన్నా సరే. తడి మీద అంతా మెరుస్తూనే కనపడుతుంది, ఎక్కడ చదునైంది ఎక్కడ కాలేదు తెలియదు, ప్రతిసారీ తుడిచి చూడాలి. పొడిగా అయితే కళ్ళ ముందే తెలుస్తుంది. ఇప్పుడు తెల్లటి సబ్బు పూత ఉన్న పేపర్లు వస్తున్నాయిగా, అవి అంత త్వరగా నిండిపోవు. 800 పొడి, 1000 పొడి, అక్కడ్నుంచి 1500 తడి. కన్నాల గొడవే లేదు.

తీగలమోత:
అది బాగానే ఉంది కానీ పొడి పీలుస్తున్నావుగా. ఇంకా పొడిగా రుద్దితే వేడి పుట్టి లక్కర్ మెత్తబడి అతుక్కుంటుంది.

సగంపని:
మాస్క్ పెట్టుకుంటా అండి. వేడి అనేది గట్టిగా నొక్కేవాళ్ళకి. పేపర్ బరువు చాలు, చెయ్యి బరువు అక్కర్లేదు.

పాతచెక్క:
రెండూ పని చేస్తాయి, కొట్టుకోకండి. చదును చేసే మొదటి దశకి పొడి మంచిదే, నిజంగా కనపడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకి మాత్రం తడే చెప్తా, తప్పు చేసినా నెమ్మదిగా జరుగుతుంది.

నున్నన:
నంబర్ల సంగతి నేను అందుకుంటా, ఇక్కడే నేను రెండు వారాలు పోగొట్టుకున్నా. పేపర్ వెనక పి1200 అని 'పి' అక్షరంతో ఉంటే అది యూరప్ కొలత, ఇసుక రేణువు సైజు దాదాపు 15 మైక్రాన్లు. 'పి' లేకుండా ఉత్త నంబరు ఉండే అమెరికా పాత కొలతలో 600 అంటే 16 మైక్రాన్లు, అంటే దాదాపు అదే గరుకు! పి2000, అక్కడి 1000 కూడా దగ్గర దగ్గర ఒకటే, పది మైక్రాన్ల చుట్టూ. నేను పి2000 అయ్యాక ఉత్త 1200 తీసుకుని వెనక్కి వెళ్తున్నా అనుకుని భయపడ్డా, నిజానికి ముందుకే వెళ్ళా. వేరే వేరే కంపెనీల పేపర్లు కలిపి వాడేటప్పుడు ఇది చూసుకోకపోతే మీకే తెలియకుండా ఒక మెట్టు వదిలేస్తారు.

మైక్రోమెష్ ప్యాడ్లది (మెరుపు తేవడానికి వాడే మెత్తటి రుద్దుడు ప్యాడ్లు) ఇంకో లోకం. 1500 నుంచి 12000 దాకా తొమ్మిది ప్యాడ్లు వస్తాయి, ఆ 1500 మన వాటర్ పేపర్ 1500 కాదు, చాలా గరుకు. 2000 పేపర్ అయ్యాక మైక్రోమెష్ 1500 పట్టుకుంటే అంత పనీ మళ్ళీ మొదటికొస్తుంది (ఎలా తెలుసని అడగొద్దు).

ఇంకోటి, ప్రతి పేపర్‌కి దిశ మార్చండి. 1000 నిలువుగా, 1500 అడ్డంగా, 2000 మళ్ళీ నిలువుగా. అడ్డంగా రుద్దేటప్పుడు నిలువు గీతలు ఒక్కటి కూడా కనపడని దాకా తర్వాతి పేపర్ ముట్టుకోకూడదు. పేపర్ మార్చిన ప్రతిసారీ నీళ్ళు పారబోసి గిన్నె కడిగి బాడీ తుడిచి చేతులు కూడా కడుక్కోవాలి. పాత పేపర్ నుంచి ఊడిన ఒక్క రేణువు చాలు, పంది తోకలా సుడి తిరిగిన గీత పెడుతుంది, అది పాలిష్ అయ్యాకే కనపడుతుంది, అప్పుడు ఏడవాలి.

ఆరోతీగ:
ఇంత ఉందా బాబోయ్. ఒక సందేహం. చదును అయ్యిందని ఎలా తెలుస్తుంది? ముందు వైపు ఇంకా చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది, వాటిని పోగొట్టేదాకా రుద్దాలా? బ్లాక్ అంటే ఏం వాడాలి, నేను వేళ్ళతోనే చేశా.

పాతచెక్క:
వేళ్ళతో చేస్తే వేళ్ళ ఆకారమే వస్తుంది. వేళ్ళకి వేళ్ళకి మధ్య సందు ఉంటుంది కదా, పాలిష్ అయ్యాక ట్యూబ్ లైట్ ప్రతిబింబం అలలు అలలుగా వంగుతుంది చూడు, అదే. గట్టి రబ్బరు ముక్కో కార్కు ముక్కో పేపర్ కింద పెట్టు. వంపు భాగాలకి కాస్త మెత్తటి ఫోమ్.

మెరిసే చుక్కలు పల్లాలు. పేపర్ అక్కడిదాకా ఇంకా చేరలేదన్నమాట. అంతా ఒకే మసక రంగులోకి వస్తే చదునైనట్టు. దీపం పక్కన కిందికి పెట్టి ఏటవాలుగా చూడు, పైనుంచి వెలుగు పడితే ఏమీ తెలియదు. ఇక్కడే చాలామంది మునుగుతారు, ఆఖరి నాలుగు చుక్కల కోసం మొత్తం పొర అరగదీసేస్తారు. నైట్రో మొత్తం పొర మందం ఎంతనుకున్నావ్, మంచి పని అయితే మిల్లీమీటర్‌లో పదో వంతు, కాస్త అటూ ఇటూ. ఆ నాలుగు చుక్కల్లో సన్న బ్రష్‌తో ఒక్కో బొట్టు లక్కర్ పెట్టి ఆరనిచ్చి బొట్టు వరకే రుద్దు. కొన్ని వదిలెయ్ కూడా. ఫ్యాక్టరీ గిటార్లలో లేవనుకుంటున్నావా?

బేస్‌బాబు:
చిన్న డౌట్, నా రెండో గిటార్ ఫ్యాక్టరీది, మందపాటి పాలీ, టేబుల్ అంచుకి కొట్టుకుని ముక్క ఎగిరింది. దానికీ లక్కర్ బొట్టేనా?

రంగులపిచ్చి:
కాదు బ్రో, నైట్రో పాలీతో కలిసిపోదు. సూపర్ గ్లూ పొరలు పొరలుగా, ఒక్కోటి ఆరాక ఇంకోటి, పక్క మట్టం కంటే కాస్త పైకి వచ్చేదాకా. తర్వాత బ్లేడుకి రెండు చివర్లా టేప్ చుట్టి మధ్యలో మాత్రం పదును వదిలి మెల్లగా గీకు, టేప్ మందం వల్ల చుట్టుపక్కల పెయింట్‌కి బ్లేడ్ తగలదు. మట్టానికి వచ్చాక 1000, 1500, 2000. ఆ సూపర్ గ్లూ ఎత్తుని పేపర్‌తోనే మొత్తం దించాలని చూస్తే చుట్టూ గుంట పడుతుంది, అందుకే బ్లేడు.

నున్నన:
మెటాలిక్ రంగులు వేసినోళ్ళు గుర్తుపెట్టుకోండి, రంగు కోటుని అస్సలు రుద్దకూడదు, దాంట్లో ఉన్న రేకులు కదిలి మచ్చలు పడతాయి. ఏం రుద్దినా పైన క్లియర్ మీదే. సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా వేసే రంగు) కూడా అంతే, అంచుల్లో ముదురు రంగు ఆ లక్కర్‌లోనే కలిసి ఉంటుంది, దాటితే అక్కడ రంగు పాలిపోతుంది, నలుపులా మళ్ళీ అద్దడం అంత తేలిక కాదు.

సగంపని:
అందరూ రుద్దుడు గురించే చెప్పారు, పాలిష్ ఎవరూ చెప్పలేదేంటి

పాతచెక్క:
ఎందుకంటే అక్కడ చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 2000 దాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే కాంపౌండ్ (పాలిష్ పేస్ట్) దానంతటదే మెరిపిస్తుంది. మెరుపు రాలేదు అని ఎవరైనా అంటే వంద మార్కులకి తొంభై, వాళ్ళ 1000 గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, కాంపౌండ్ వాటిని పోగొట్టలేదు, మెరిపించి చూపిస్తుంది అంతే. మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సిందే. నలుపైతే మరీ దయలేని రంగు, తెలుపు మీద కనపడని గీత దాని మీద మెరుపు తీగలా కనపడుతుంది.

రంగులపిచ్చి:
మెషీన్ వాడేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఫోమ్ ప్యాడ్, తక్కువ స్పీడు, ఒక్కో కాంపౌండ్‌కి వేరే ప్యాడ్. ప్యాడ్ ఆగకుండా కదులుతూ ఉండాలి, ఒకే చోట నిలబెడితే వేడికి లక్కర్ మెత్తబడి లాక్కుపోతుంది. రుద్దిన చోట చేతి వెనక వైపు ఆనించి చూడు, వెచ్చగా అనిపిస్తే చాలు, వేడిగా అనిపిస్తే ఆపెయ్. అంచుల మీద ప్యాడ్ అంచు నుంచి బయటికి తిరిగేలా పట్టుకోవాలి, లోపలికి ఎదురుగా తిరిగితే అంచుని కొరికేస్తుంది. స్టాండుకి బిగించిన పెద్ద గుడ్డ చక్రాల మీద అయితే గిటార్‌నే చేతుల్లోంచి లాగి నేలకేసి కొడుతుంది, మా దగ్గర ఒకడికి అలా కొమ్ము విరిగింది. మొదటిసారి అయితే చేత్తోనే, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, ఓపిగ్గా.

కాంపౌండ్ కొనేటప్పుడు సిలికోన్ లేనిది చూసుకోండి. సిలికోన్ ఒకసారి ఎక్కిందంటే తర్వాత ఎప్పుడైనా దాని మీద స్ప్రే చేస్తే చేప కళ్ళలా గుంటలు పడతాయి.

తీగలమోత:
మెడ వెనక భాగం మాత్రం మెరిపించకండి నా మాట వినండి. చెమట చేతికి అంటుకుంటుంది. మెరిసే మెడని సన్న స్టీల్ ఉన్నితో, సున్నాలు నాలుగున్నది, పొడుగ్గా ఒకే దిశలో నాలుగైదు సార్లు లాగితే పట్టులా జారుతుంది. పికప్పులు ముందే టేప్‌తో మూసెయ్యండి, ఆ ఉన్ని పొడి ఇనుమే కదా, అయస్కాంతానికి పట్టుకుంటే ఇంక వదలదు. బూడిద రంగు నైలాన్ ప్యాడ్ అయితే ఆ గొడవ లేదు. మ్యాట్ ఫినిష్ గిటార్ కొని దాన్ని రుద్ది గ్లాస్‌లా చేద్దాం అనుకునేవాళ్ళు మాత్రం ఆగండి, మెరుపు తగ్గించడానికి ఆ పొరలోనే సన్నటి సిలికా పొడి కలుపుతారు, ఎంత రుద్దినా జిడ్డు మెరుపు వస్తుంది తప్ప అద్దం రాదు.

ఆరోతీగ:
దాదాపు ఏడు వారాల తర్వాత వచ్చా, మర్చిపోయి ఉండరని ఆశ. మచ్చ మీద నలుపు రెండు కోట్లు, క్లియర్ నాలుగు, మళ్ళీ ఐదు వారాలు ఆగా (క్యాలెండర్‌లో పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ!). ముక్కు పెట్టి చూస్తే కంట్రోల్ (నాబ్‌లు ఉండే) గుంటలో తప్ప ఎక్కడా వాసన లేదు. అంచులన్నిటికీ టేప్. కార్కు బ్లాక్, 1000 మీద రెండు సాయంత్రాలు పట్టింది, ఈసారి పేపర్ మీద ఒక్క ఉండ లేదు. 1500, 2000 గంటన్నరలో అయిపోయాయి, కాంపౌండ్ అయితే ముప్పావు గంట. పాతచెక్క అన్న ఎందుకు పాలిష్ గురించి చెప్పలేదో అప్పుడు అర్థమైంది.

పైకొమ్ము దగ్గర అతుకు నాకే దొరకట్లేదు. కింది కొమ్ము లోపలి వంపులో మాత్రం 1000 గీతలు మూడు ఉన్నాయి, బ్లాక్ అక్కడికి పోలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళాలా అని అరగంట కూర్చుని ఆలోచించి తీగలు ఎక్కించేశా.

పాతచెక్క:
మంచి పని చేశావు. మూడే కదా. స్టాండ్‌కి ఉన్న రబ్బరు మీద మాత్రం పెట్టకు, కొన్ని రబ్బర్లు నైట్రోని మెత్తబరిచి ముద్ర వేసేస్తాయి, నూలు గుడ్డ చుట్టు.

ఆరోతీగ:
చుట్టేశా అన్నా. వెనక వైపు ఇంకా నారింజ తొక్కే, అది ఎప్పుడు రుద్దుతానో తెలీదు, ప్రస్తుతానికి వాయిస్తున్నా.